పిసకని పిండితో బ్రెడ్: బెజవాడ వంటింట్లో నా అనుభవం

మా ఇళ్లలో బ్రెడ్ అంటే జ్వరం తిండి. టైఫాయిడ్ వచ్చినా, ఆపరేషన్ అయినా, చూడ్డానికి వచ్చే చుట్టాల చేతిలో ఒక బ్రెడ్ ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు ఉండాల్సిందే. దాన్ని పాలల్లో ముంచి, కాస్త పంచదార చల్లి పెట్టేవాళ్లు. ఒంట్లో బాగున్న రోజున బ్రెడ్ తినాలన్న ఆలోచనే చాలామందికి రాదు, ఇక ఇంట్లో చేసుకోవడం సంగతి చెప్పక్కర్లేదు. నాకూ రాలేదు, న్యూజెర్సీలో ఉన్న అక్క వీడియో కాల్‌లో తను చేసిన బ్రెడ్ కోసి చూపించేదాకా. కత్తి దిగుతుంటే కరకరమని చప్పుడు ఇక్కడికి వినపడింది. "పిండి పిసకక్కర్లేదే, రాత్రి గరిటెతో కలిపేసి పడుకోవడమే" అంది.

ఈ పద్ధతి అక్కది కాదు. న్యూయార్క్‌లో సలివాన్ స్ట్రీట్ బేకరీ నడిపే జిమ్ లాహీ అనే ఆయనది. 2006 నవంబరులో మార్క్ బిట్‌మన్ న్యూయార్క్ టైమ్స్‌లో దాని గురించి రాశాక ఊరూవాడా పాకిపోయింది. లెక్క చాలా చిన్నది. మూడు కప్పుల మైదా, పావు టీస్పూను ఇన్‌స్టంట్ ఈస్ట్, ఒకటింపావు టీస్పూను ఉప్పు, ఒకటిన్నర కప్పు పైచిలుకు నీళ్లు. అన్నీ కలిపి మూత పెట్టి 12 నుంచి 18 గంటలు వదిలేయాలి. తర్వాత ఉండగా మడిచి మరో రెండు గంటలు ఉంచి, బాగా కాలిన మూత గిన్నెలో వేసి ఓవెన్‌లో పెట్టాలి. అంతే.

పిసక్కుండా పిండి ఎలా సాగుతుందని నాకు మొదట్నుంచీ అనుమానం. గోధుమలో గ్లుటెనిన్, గ్లయాడిన్ అని రెండు ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగిలితే అవి కలిసి గ్లూటెన్ అవుతాయి. పిండికి సాగే గుణం ఇచ్చేది, ఈస్ట్ వదిలే గాలిని బయటికి పోకుండా పట్టి ఉంచేది అదే. మనం పిసికితే ఆ పని పది నిమిషాల్లో అవుతుంది. పిసక్కపోయినా, నీళ్లు ఎక్కువగా ఉండి టైము ఇస్తే దానంతటదే అవుతుంది. లోపల బుడగలు పెరుగుతూ పిండిని కదుపుతూనే ఉంటాయి కూడా. అందుకే ఈ పిండి చపాతీ పిండిలా గట్టిగా ఉండకూడదు. గరిటెకు అంటుకునేంత మెత్తగా, చేత్తో ముట్టుకోబుద్ధి కానంత జిగురుగా ఉండాలి. జిగురుగా ఉందే అని కంగారుపడి పిండి చల్లుతూ పోతే పద్ధతే దెబ్బతింటుంది.

అక్క లెక్కలో ఒక్కటే తిరకాసు. అందులో 12 నుంచి 18 గంటలు అన్నది ఇరవయ్యొక్క డిగ్రీల వంటింటికి. బెజవాడలో మే నెల అర్ధరాత్రి కూడా మా వంటింట్లో ముప్పై దాటే ఉంటుంది. వేడి ఎనిమిది, పది డిగ్రీలు పెరిగితే ఈస్ట్ దాదాపు రెట్టింపు వేగంతో పనిచేస్తుంది. రాత్రి తొమ్మిదింటికి కలిపిన పిండి తెల్లారేసరికి పొంగి, దిగి, గిన్నె అంచున చారలు మిగిల్చి, మధ్యలో గుంట పడి ఉండేది. మూత తీస్తే సారా వాసన. అలాంటి పిండి ఉండగా నిలబడదు, పళ్లెంలో పోసినట్టు పరుచుకుపోతుంది. ఓవెన్‌లో పెట్టినా పైన ఎర్రబడదు, ఎందుకంటే రంగు తెచ్చే చక్కెరలన్నీ ఈస్ట్ అప్పటికే తినేసి ఉంటుంది.

మా అత్తయ్య ఒకరోజు పొద్దున్నే ఆ గిన్నెలోకి తొంగిచూసి, "ఎండాకాలం ఇడ్లీ పిండైతే ఇంతసేపు బయట ఉంచుతావుటమ్మా?" అన్నారు. నిజమే కదా. ఇడ్లీ పిండిని మనమెవరం గంటలు లెక్కపెట్టి ఫ్రిజ్‌లో పెట్టం. శీతాకాలం తెల్లార్లూ ఉంచుతాం, రోహిణీ కార్తెలో నాలుగైదు గంటలకే లోపల పెట్టేస్తాం, పొంగు చూసి, వాసన చూసి. అమెరికా నుంచి వచ్చిన పద్ధతి కదాని దీన్ని మాత్రం గడియారానికి అప్పజెప్పాం. ఆ రోజు పొంగి దిగిన పిండిని పారేయలేదు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి, చేతికి నూనె రాసుకుని పెనం మీద మందంగా ఒత్తి మూతపెట్టి కాల్చాం. పుల్లపుల్లగా బాగుంది. అది వేరే వంటకమైపోయింది, అంతే.

అప్పట్నుంచి నేను చూసేది పిండినే. రెట్టింపుకి కాస్త పైగా పొంగి ఉండాలి. పైన చిన్నా పెద్దా బుడగలు కనపడాలి. గిన్నె అంచు దగ్గర తడి వేలితో పిండిని పక్కకు లాగితే లోపల దారాలు దారాలుగా సాగాలి. పైభాగం ఇంకా ఉబ్బుగానో, కనీసం చదునుగానో ఉండాలి, గుంట పడకూడదు. గుంట పడటం మొదలైందంటే ఇక ఆలస్యం చేయకూడదు. ఎండాకాలంలో ఇదంతా నాకు ఆరు గంటల్లో అయిపోతుంది, అదీ ఈస్ట్ చిటికెడు మాత్రమే వేసి, ఫ్రిజ్ నీళ్లతో కలిపితే. పగలంతా పని ఉండే రోజైతే కలిపిన పిండిని గంటసేపు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. ఆ చల్లదనంలో మర్నాటి సాయంత్రం దాకా నిదానంగా ఊరుతుంది. నిజం చెప్పాలంటే రుచి దానికే ఎక్కువ.

మైదా సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో బ్రెడ్ కోసమే ప్రొటీన్ ఎక్కువున్న మైదా విడిగా అమ్ముతారు. మన కిరాణా కొట్లో దొరికే మామూలు మైదా అంత నీళ్లు పట్టదు. అక్క వేసినన్ని నీళ్లు పోస్తే నాకు గరిటెజారుగా అయిపోయేది. ఇప్పుడు నా లెక్క 300 గ్రాముల మైదాకి 210 గ్రాముల నీళ్లు, ఆరు గ్రాముల ఉప్పు. కప్పులతో కొలవడం మానేసి వంటింటి తూకం ఒకటి కొనుక్కున్నాను. అదే కప్పులో ఒకసారి వదులుగా, ఒకసారి అదిమి పోస్తే బరువు చాలా మారిపోతుంది. ఈ వంటకానికి కొనాల్సిన వస్తువు ఏదైనా ఉందంటే అదొక్కటే అని నా అభిప్రాయం.

గోధుమపిండితో చేయొచ్చా అని అందరూ అడుగుతారు. చేయొచ్చు, కానీ ఆశ తగ్గించుకోవాలి. తిరగలిలో ఆడిన పిండిలో ఉండే తవుడు గ్లూటెన్‌ను గట్టిగా అల్లుకోనివ్వదు, నీళ్లు కూడా ఎక్కువ పీలుస్తుంది. పూర్తిగా గోధుమపిండే వేస్తే బరువైన ముద్దలా వస్తుంది. సగం సగం వేసి నీళ్లు ఇంకో పదిహేను, ఇరవై గ్రాములు పెంచితే బాగుంటుంది, కమ్మటి వాసన కూడా వస్తుంది. రాగిపిండి, జొన్నపిండి వేయాలనుకుంటే గుప్పెడుకి మించకూడదు. వాటిలో గ్లూటెన్ ఉండదు.

ఈస్ట్ గురించి ఒక్క మాట. వన్‌టౌన్‌లో బేకరీ సామాన్లు అమ్మే కొట్లో పెద్ద ప్యాకెట్టు చవగ్గా వస్తుందని కొని, విప్పి బయట పెడితే మన ఎండలకి నెలలో నీరసించిపోతుంది. ప్యాకెట్టు విప్పగానే గాలి చొరని సీసాలో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. అనుమానం వస్తే గోరువెచ్చటి నీళ్లలో చిటికెడు పంచదారతో కలిపి చూడండి. పది నిమిషాల్లో నురగ రాకపోతే ఆ సీసా అయిపోయినట్టే.

ఇక అసలు తలనొప్పి గిన్నె. ఈ పద్ధతిలో మూత గిన్నె అలంకారం కాదు. బేకరీ ఓవెన్లలో ఆవిరి వదిలే ఏర్పాటు ఉంటుంది, మన ఇంటి ఓవెన్లో ఉండదు. పచ్చి పిండిని బాగా కాలిన గిన్నెలో వేసి మూత పెడితే దానిలోంచి వచ్చే ఆవిరే లోపల నిలుస్తుంది. పైపొర వెంటనే గట్టిపడకుండా మెత్తగా ఉంటుంది, బ్రెడ్ పూర్తిగా పొంగడానికి వీలవుతుంది. తర్వాత మూత తీస్తే ఆ పొర ఆరి ఎర్రగా, పెళుసుగా అవుతుంది. ఇందుకు అక్క దగ్గర ఎత్తయిన ఇనప గిన్నె, దానికి సరిపడా బరువైన మూత ఉన్నాయి. మాది ఓటీజీ, అంటే బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్. అందులో ఆ ఎత్తు గిన్నె పడితే మూత పట్టదు, మూత పడితే తలుపు పట్టదు.

చివరికి అటక మీదున్న అత్తయ్యగారి ఇనప మూకుడు దిగింది. రెండు పక్కలా చెవులున్న రకం, పొడుగు పిడి లేదు కాబట్టి ఓటీజీలో పట్టింది. మూతగా చిన్న ఇనప పెనం బోర్లించాను. అంచులు ఒకదానికొకటి పూర్తిగా ఆనవు, కాస్త సందు ఉంటుంది. అయినా పనిచేస్తుంది. 300 గ్రాముల లెక్క పెట్టుకున్నది కూడా ఈ మూకుడు కోసమే, అంతకన్నా ఎక్కువైతే పొంగి పెనాన్ని తాకుతుంది. ప్లాస్టిక్ పిడి, ప్లాస్టిక్ గుబ్బ ఉన్న గిన్నెలేవీ ఇందులోకి పనికిరావు. నాన్‌స్టిక్ అసలే వద్దు, ఉత్త గిన్నెని అంత వేడిలో ఉంచకూడదు.

పిండి పొంగాక బల్ల మీద పొడి మైదా చల్లి దింపి, తడి చేత్తో నాలుగు వైపుల నుంచీ లాగి మధ్యకు మడుస్తాను. తిరగేసి, బియ్యప్పిండి దట్టంగా రాసిన నూలు గుడ్డ మీద పెట్టి కప్పేస్తాను. మైదా తడిని పీల్చుకుని గుడ్డకి అంటుకుంటుంది, బియ్యప్పిండి అంత తేలిగ్గా అంటుకోదు. ఎండాకాలం ముప్పావు గంట చాలు. ఈలోగా మూకుడు, పెనం రెండూ ఓటీజీలో పెట్టి 230 డిగ్రీల మీద అరగంట పైగా కాలనిస్తాను. ఇక్కడ మసిగుడ్డతో సరిపెట్టుకోవద్దు. మోచేతి దాకా వచ్చే మందపాటి గ్లవ్స్ తొడుక్కుని, పిల్లల్ని వంటింట్లోంచి పంపేశాకే తలుపు తీయాలి. గుడ్డ మీంచి పిండిని మూకుట్లోకి దొర్లించగానే చుయ్యిమంటుంది. వంకరగా పడినా సర్దొద్దు, పొంగేటప్పుడు అదే సర్దుకుంటుంది. కాగితం మీద పెట్టి దింపితే తేలికే కానీ, కొట్లో బటర్ పేపర్ అని ఇచ్చే పల్చటిది ఈ వేడికి పొగలొస్తుంది. బేకింగ్ కోసం చేసిన కాగితమే, దాని మీద రాసి ఉన్న డిగ్రీలు చూసి కొనాలి.

మూతతో అరగంట, మూత తీసి పదిహేను, ఇరవై నిమిషాలు. మూత తీశాక పై రాడ్ ఆపేస్తాను, లేకపోతే మా ఓటీజీలో రాడ్‌కి దగ్గరగా ఉండటంతో లోపల ఉడికేలోపే పైన మాడిపోతుంది. బయటికి తీసి బోర్లించి అడుగున వేళ్లతో తడితే డొల్లగా మోగాలి. మొత్తానికి కరెంటు సుమారు రెండు యూనిట్లు కాలుతుంది. కోతల టైము చూసుకుని పెట్టుకోవడం మంచిది.

బయటికి తీసిన ఆ పది నిమిషాలు నాకు చాలా ఇష్టం. చల్లారుతున్నప్పుడు పైపొర ముడుచుకుని సన్నగా చిట్‌చిట్‌మంటూ బీటలు వారుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే బాగా వినపడుతుంది. అప్పుడే కోసేయాలనిపిస్తుంది కానీ గంట ఆగాలి. లోపల ఆవిరి ఇంకా ఉడికిస్తూనే ఉంటుంది, తొందరపడితే కత్తికి జిగురు అంటుకుంటుంది.

ఇది ఆరోగ్యం కోసం మొదలుపెట్టిన పని కాదు. 2016లో సీఎస్‌ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) అనే సంస్థ వాళ్లు ఢిల్లీలో అమ్మే బ్రెడ్లు పరీక్షించి వాటిలో పిండి బాగా పొంగడానికి కలిపే పొటాషియం బ్రోమేట్, అయోడేట్ అనే రసాయనాలు ఉన్నాయన్నప్పుడు ఇంట్లో చాలా చర్చ జరిగింది. బ్రోమేట్‌ని ఆ ఏడాదే నిషేధించారు. ఇంటి బ్రెడ్‌లో అలాంటివి ఉండవు, నిజమే. కానీ మైదా మైదానే. ఇంట్లో చేసినంత మాత్రాన పథ్యం అయిపోదు.

మా ఇంట్లో దీన్ని పాలతో ఎవరూ తినరు. పెనం మీద వెన్నతో కాల్చి పైన ఆవకాయ నూనె రాస్తే మా ఆయనకి వేరే టిఫిను అక్కర్లేదు. ఆదివారం కోడికూర పులుసులో అద్దుకోవడానికి పూరీ కన్నా ఇదే నయం. అత్తయ్యకి మాత్రం మొదట్లో నచ్చలేదు. "పళ్లూడిపోతాయమ్మా" అన్నారు. ఆవిడ కోసం ఓవెన్లోంచి తీసిన వెంటనే నూలు గుడ్డలో చుట్టి పెడుతున్నాను. లోపలి ఆవిరికి పైపొర మెత్తబడుతుంది. అలాగైతే తింటున్నారు, అదీ టీలో ముంచుకుని.

మన ఊరి ఉక్కకి ఆ కరకర ఎలాగూ సాయంత్రానికల్లా పోతుంది. ఉత్త పెనం మీద రెండు వైపులా కాలిస్తే కొంత తిరిగొస్తుంది. ఇందులో నిల్వ మందులేవీ లేవు కాబట్టి ఎండాకాలం రెండో రోజు దాటనివ్వకూడదు. మిగిలేటట్టుంటే మొదటి రోజే ముక్కలు కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టేయండి, కావలసినప్పుడు తీసి నేరుగా పెనం మీద వేసుకోవచ్చు. డిసెంబరు, జనవరిల్లో మాత్రం ఏ మార్పులూ అక్కర్లేదు. అక్క చెప్పినట్టే పావు టీస్పూను ఈస్ట్ వేసి, మామూలు కుళాయి నీళ్లతో రాత్రి కలిపి, మర్నాడు స్నానాలు, టిఫిన్లు అయ్యాక తీరిగ్గా మూత తీస్తే సరిపోతుంది.