ఖాళీ బుట్టతో మోరి దాకా

మార్చి రెండో వారంలో ఒక ఉదయం రాజమహేంద్రవరం కాంప్లెక్సులో రాజోలు బస్సెక్కినప్పుడు నా ఒళ్లో ఒక వెదురు మూతబుట్ట ఉంది. అడుగున పాత నూలు తువ్వాలు తప్ప అందులో ఏమీ లేదు. టికెట్టు కొడుతూ కండక్టరు “బుట్టలో కోళ్లాండీ?” అని అడిగితే మూత తీసి చూపించి, తిరిగొచ్చేటప్పుడు ఇందులో పిల్లికూన ఉంటుందని చెప్పాను. ఆయన తువ్వాలు వంక ఒకసారి చూసి, “అయితే కిటికీ పక్కన కూర్చోకండమ్మా, వచ్చేటప్పుడు గాలికి బెదురుద్ది” అన్నాడు.

2011 శ్రావణమాసంలో, ముసురు పట్టిన ఒక సాయంత్రం మా వీధి మెట్ల కింద అరుస్తూ దొరికింది చుక్కి. ఒళ్లంతా తెలుపు, నుదుటిమీద మాత్రం ఎవరో బొట్టు పెట్టినట్టు ఒక నల్లచుక్క. పదమూడేళ్లు మా ఇంట్లో తిరిగింది. నిరుడు వేసవిలో అది గిన్నెడు నీళ్లు తాగేసి మళ్లీ గిన్నె దగ్గరే కూర్చుంటుంటే, ఎండలకు దాహం వేస్తోంది కాబోలు, మంచిదే అనుకున్నాను. అది మూత్రపిండాలు చెడిన పిల్లి దాహమని నాకు తెలియలేదు. నీటిని ఒంట్లో నిలుపుకునే శక్తి పోయి, పోసిన నీరంతా బయటికి పోతుంటే అది తాగుతూనే ఉంటుంది. మూత్రపిండాల పనిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా రక్తపరీక్షలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరగదని డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైపోయింది. నాలుగు నెలలపాటు రోజు విడిచి రోజు మెడ వెనుక చర్మం ఎత్తిపట్టి సెలైన్ ఎక్కించాను. కార్తికమాసంలో, తెల్లవారుజామున, నా ఒళ్లోనే పోయింది. పెరట్లో నందివర్ధనం మొదట్లో పాతిపెట్టాం.

ఆ తర్వాత కూడా అమ్మ, శీలావతి చేప కోసిన రోజున, తలను చిన్న సత్తుపళ్లెంలో విడిగా ఉడికించి పెట్టేది. పెట్టాక గుర్తొచ్చి ఆ పళ్లెం పట్టుకుని వంటింటి గడపలో నిలబడిపోయేది. నాలుగు నెలల్లో ఇలా ఎన్నిసార్లు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. మరో పిల్లిని తేవాలని నేను నిర్ణయించుకున్నది మాత్రం ఆ గడప దగ్గరే.

ముందు ఊళ్లోనే చూశాను. ఒక దుకాణంలో గాజు అరల్లో పర్షియన్ కూనలున్నాయి. మన ఎండలకు ఏమాత్రం సరిపడని ఆ ఒత్తయిన బొచ్చుతో అవి నోరు తెరుచుకుని రొప్పుతుంటే ఎక్కువసేపు అక్కడ ఉండలేకపోయాను. సరిగ్గా ఆ వారమే కోనసీమలోని మోరి అనే ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. వాళ్ల మూడు రంగుల పిల్లి ధాన్యపు కొట్లో నాలుగు కూనల్ని పెట్టిందనీ, వాటిలో ఒకదానికి నుదుట నల్లచుక్క ఉందనీ చెప్పింది. ఆ చుక్క మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. కూనను ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి నుంచి వేరు చేయకూడదని నాకు తెలుసు. నాలుగో వారంలోనే బుట్ట పట్టుకుని బయలుదేరడం తెలియక చేసింది కాదు, ఆగలేక చేసింది.

కడియపులంక నర్సరీలు దాటి, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కేసరికి ఎండ ముదిరింది. నదిలో నీరు తగ్గి, ఇసుక తిన్నెలు తేలి ఉన్నాయి. రావులపాలెంలో లారీలకెక్కిస్తున్న అరటిగెలల వాసన బస్సులోకి వచ్చింది. ఈ దారిలో నేనెప్పుడూ ఎదురుచూసే చోటు పి.గన్నవరం. అక్కడ వైనతేయ పాయకు అడ్డంగా, నది మీదుగా కాలువ ప్రవహిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట నీటిని నగరం లంకకు అందించడానికి 1850ల్లో కట్టిన పాత అక్విడక్టు ఇప్పటికీ నిలిచే ఉంది. దాని పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆమె కాపురమున్నది ఈ పక్కనున్న లంకల గన్నవరంలోనే. వేళ కాని వేళ వచ్చినా, వరదలో వచ్చినా, ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టి, 1909లో కన్నుమూసింది. ఆ వంతెన దాటుతుంటే నాకు అమ్మ చేతిలోని సత్తుపళ్లెం గుర్తొచ్చింది.

తాటిపాక, రాజోలు, మలికిపురం మీదుగా మోరి చేరేసరికి మధ్యాహ్నమైంది. పిన్ని గుమ్మంలోనే ఎదురై, కాళ్లకు నీళ్లయినా ఇవ్వకుండా, “నిన్న రాత్రి మార్చేసిందే అమ్మాయ్! కొట్లో ఒక్కటీ లేదు” అంది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. వాసన పట్టి కుక్కో, గండుపిల్లో వస్తుందన్న భయంతో తల్లి చోటు మారుస్తూనే ఉంటుంది. అదీ అన్నిటినీ ఒకేసారి తీసుకుపోదు, ఒక్కొక్కదాన్నే మెడ దగ్గర కరిచి పట్టుకుని చేరవేస్తుంది. పిన్ని మనవడికి పదకొండేళ్లు. “అత్తా, దాని దారులన్నీ నాకు తెలుసు” అని ముందు నడిచాడు. నేను బుట్టతో వెనుక నడిచాను.

పక్కింటి కొబ్బరి డొక్కల గుట్టలో వెచ్చటి గుంట ఒకటి ఉంది, అందులో వెంట్రుకలు కూడా ఉన్నాయి, కూనలు లేవు. ఆ వెనకింట్లో ఒక పెద్దావిడ వసారాలో కూర్చుని లేసు అల్లుతోంది. గోదావరికి ఇరువైపులా ఈ ఊళ్లలో ఆడవాళ్లకు ఆ పని పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన మిషనరీల నుంచి అబ్బింది. ఆవిడ కొక్కెం ఆపకుండానే, పొద్దున మంచం కింద ఒక కూన తన దారపుండతో ఆడిందనీ, తల్లి వచ్చి పట్టుకుపోయిందనీ చెప్పింది. ఏ రంగుదని అడిగితే, “కళ్లు సరిగా ఆనవమ్మా, మెత్తగా ఉంది” అంది.

మోరి జీడిపప్పుకు పేరున్న ఊరు. తర్వాత మేం వెళ్లింది జీడిపిక్కలు కొట్టే పాకకు. కాల్చిన పిక్కల పొగ కళ్లు మండిస్తోంది. పది పన్నెండుమంది ఆడవాళ్లు వరసగా కూర్చుని, చేతులకు బూడిద రాసుకుని, కొయ్యసుత్తితో ఒక్క దెబ్బకు పెంకు పగలగొట్టి పప్పు చిట్లకుండా తీస్తున్నారు. పెంకులోని జీడి తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. వాళ్ల వేళ్ల కొసలు నల్లగా, గీతలు కనపడనంతగా మొద్దుబారి ఉన్నాయి. ఆ చేతులతోనే ఒకావిడ గోనెలు తొలగించి మూలమూలా వెతికి చూపించింది. “మా పాకలోకి రానివ్వమండీ. జీడి కాళ్లకంటుకుంటే నాక్కుంటుంది, నోరు పుండవుద్ది” అంది. రోజుకూలి మీద బతికే మనిషి నా కోసం పని ఆపి అంతసేపు వెతికింది.

ఆ తర్వాత రెండిళ్లలో ఏమీ దొరకలేదు. ఏడో ఇంటి గడ్డిమేటు దగ్గర యజమాని మమ్మల్ని చూడగానే, “రెండు కనపడ్డాయి. పొద్దున గోదారి దాటించేశాను” అన్నాడు. పొరపాటున కూడా తిరిగి రాకుండా గోనెసంచిలో కట్టి, సఖినేటిపల్లి రేవుకు వెళ్లే ఆటోవాడికి ఇచ్చాడట. ఈ ప్రాంతంలో అది కొత్త పని కాదు, కోపగించుకోవలసిన మాటగా కూడా ఆయనకు తోచలేదు. నాకు మాట రాలేదు. పిల్లవాడు మాత్రం ఆయన్ని, “మూతి గట్టిగా కట్టారాండీ?” అని అడిగాడు.

అప్పటికే చీకటి పడింది, రేవు దాటించే పంటుకు ఇక పొద్దున్నే వెళ్లాలి. ఆ రాత్రి పిన్ని ఇంటి అరుగు మీద పడుకున్నాను కానీ కన్ను మూతపడలేదు. చూరు మీద, పెరట్లో, గడ్డిమేటు వైపు తల్లిపిల్లి తిరుగుతూనే ఉంది. అది మ్యావుమనే అరుపు కాదు. నోరు మూసుకుని గొంతులో పలికే చిన్న వణుకు, కూనల్ని పిలిచేటప్పుడు చేసే చప్పుడు. ఒకసారి పిలిచి, జవాబు కోసం ఆగి, నాలుగడుగులు వేసి మళ్లీ పిలిచేది. చుక్కిని పోగొట్టుకున్నందుకు నాలుగు నెలలు ఏడ్చిన నేను, మరొక తల్లి కూనను పట్టుకుపోవడానికి బుట్ట తెచ్చుకున్నానన్న సంగతి ఆ రాత్రే నాకు సూటిగా తగిలింది.

తెల్లవారి మొదటి పంటుకే వశిష్ఠ దాటాను. సముద్రం అంతర్వేది దగ్గరే కనుక ఇక్కడ నదికి పోటూ పాటూ ఉంటాయి. పాటు సమయం కావడంతో గట్టు బురద తేలి ఉంది. మోటారుసైకిళ్లు, పాలక్యాన్లు, బడిపిల్లలు, వాళ్ల మధ్య బుట్టతో నేను. అవతలి ఒడ్డు నరసాపురం మాధవాయిపాలెం రేవు. ఒకప్పుడు ఇక్కడి నూలుగుడ్డ ఓడలెక్కి పోయేది. ఆ ఊరి పేరే తెల్లవాళ్ల నోట మడపొల్లం అయి, ఒక రకం మెత్తని గుడ్డకు పేరుగా నిలిచిపోయింది. ఆ రోజు ఆ రేవులో నా కళ్లు వెతికింది గోనెసంచిని.

చేపలమ్మే ఒకామె నా ప్రశ్న పూర్తికాకుండానే తట్టల వెనక్కి చేయి పెట్టి ఒక పసుపుపచ్చ కూనను తీసింది. “సంచి అరుత్తుంటే విప్పానండి అమ్మగారూ. రెండున్నాయండి. ఒకదాన్ని పడవ కుర్రోడు వాళ్లింటికి పట్టుకుపోయాడండి. ఇదేమో పాలు పోత్తే పారుకుంటందండి.” ఒక కన్ను పుసి కట్టి మూసుకుపోయింది. పొట్ట వెన్నుకు అంటుకుంది. అరచేతిలో పెట్టుకుంటే నాకు తెలిసిన మొదటి సంగతి, అది చల్లగా ఉంది. చల్లబడ్డ కూనకు తిండి పెడితే అరగదు, ముందు వేడి ఎక్కించాలి. టీకొట్టులో వేణ్ణీళ్లు అడిగి సీసాలో పట్టించి, తువ్వాలులో చుట్టి, పక్కన కూనను పెట్టి, బుట్ట మూత వేశాను. అరగంట తర్వాత అది కదిలి సన్నగా అరిచింది. ఆవుపాలు మాన్పించి, ఆమె ఉడికించి ఇచ్చిన రెండు నెత్తళ్లను ముల్లు లేకుండా నీళ్లలో చిదిపి వేలితో అందించాను. మూడోసారికి వేలిని పట్టుకుని చీకింది. చేపలామె తన త్రాసులో ఒక పక్క ఆకు పరిచి కూనను కూర్చోబెట్టింది. మూడువందల తొంభై గ్రాములు.

పశువైద్యశాలలో డాక్టరుగారు కన్ను తుడిచి మందు వేసి, పసుపు పిల్లుల్లో ఐదింట సుమారు నాలుగు మగవే ఉంటాయంటూ ఇది కూడా మగదేనని చూపించారు. ఆ రంగునిచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉండటం దానికి కారణమట. తర్వాత, “తల్లి ఇంకా పాలిస్తోందా?” అని అడిగారు. రాత్రి విన్న పిలుపు సంగతి చెప్పాను. “అయితే ఇది మీతో రావలసిన పిల్ల కాదండి ఇప్పుడు” అన్నారు. ఆ మాట ఎవరో ఒకరు అనాలనే నేను ఎదురుచూస్తున్నానేమో, మనసు తేలికపడింది.

మధ్యాహ్నానికి మోరి వచ్చేసరికి పిల్లవాడు వీధి చివరే నిలబడి ఉన్నాడు. తల్లి తెల్లవారాక మిగిలిన రెండు కూనల్నీ తిరిగి ధాన్యపు కొట్లోకే తెచ్చుకుందట. వాటి కింద ఉన్న పాతగుడ్డతో పసుపుకూన ఒళ్లంతా తుడిచి, చేపవాసన, మందువాసన, నా చేతివాసన పోగొట్టి, బస్తాల పక్కన వదిలి దూరంగా జరిగాం. తల్లి ముందు బుస కొట్టింది. వెనక్కి తగ్గింది. మెడ చాచి ముక్కు, చెవి, తోక కింద వాసన చూసింది. కూన అరిచింది. ఆ అరుపుకు తల్లి గొంతులో రాత్రి విన్న ఆ వణుకే పలికి, ఒక కాలు దాని వీపు మీద వేసి అదిమి పట్టి, మూసుకుపోయిన కన్ను నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి కూన పొట్ట కిందికి దూరి, రెండు ముంగాళ్లతో పిసుకుతూ పాలు తాగింది.

చుక్క ఉన్న కూన కూడా అక్కడే ఉంది. నేను ఇంత దూరం వచ్చింది దాని కోసమే. చాలాసేపు చూశాను. చుక్క కొంచెం ఎడమకు ఒరిగి ఉంది. అదీ మగదే. పిల్లవాడు దానికి అప్పటికే పేరు పెట్టుకున్నాడు. “అత్తా, దీన్ని తీసుకెళ్తావా?” అని అడిగినప్పుడు వాడి గొంతు మారింది. పసుపుదానికి రెండు నెలలు నిండాక, మొదటి టీకా వేయించుకుని తీసుకెళ్తాననీ, చుక్కది వాడిదేననీ చెప్పాను. తువ్వాలు కూనల కింద పరిచి, ఖాళీ బుట్టతో బస్సెక్కాను.

అమ్మ బుట్ట మూత తీసి చూసి, మూసి, జరిగినదంతా విని, “కన్ను తెరిచిందా?” అని మాత్రం అడిగింది.

మోరి నుంచి రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వస్తుంది. పిల్లవాడు జీడిపప్పు తూచే కాటా మీద కూనను పెట్టి, అంకె చూసి, పెద్దగా చదువుతాడు. అమ్మ పాల లెక్క రాసే కేలెండరులో, ఆ తేదీ గడిలోనే, పెన్సిలుతో దాన్ని రాసుకుంటుంది. నాలుగో రోజున రెండు కళ్లూ తెరిచిందట. నాలుగువందల నలభై గ్రాములు.