గోడలో దాగే తీగల గురించి

ఇంటి యజమానులు నేలపలకల రంగు కోసం నాలుగు దుకాణాలు తిరుగుతారు కానీ, గోడలో పూడ్చే వైరు గురించి ఎవరూ అడగరు. నేను కూడా చాలాకాలం గుత్తేదారుకిచ్చే పరిమాణాల పట్టికలో (ఏ సామగ్రి ఎంత కావాలో రాసే జాబితాలో) "ఐఎస్ఐ మార్కు గల రాగి వైరు" అని రాసి ఊరుకునేవాడిని.

వైరు తొడుగు సాధారణంగా పీవీసీతో ఉంటుంది. వేడికి అది చెడిపోకుండా కలిపే పదార్థాల్లో సీసపు లవణాలు ఎంతోకాలంగా వాడుకలో ఉన్నాయి. వాటికి బదులుగా కాల్షియం-జింకు మిశ్రమాలు వచ్చినా, చూపుకు తేడా తెలియదు. పైగా పీవీసీ కాలినప్పుడు దట్టమైన పొగతో పాటు హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి, మెట్లదారి వెతుక్కునేవారి కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. వైరు చుట్టపై కనిపించే "ఎఫ్ఆర్" (ఫ్లేమ్ రిటార్డెంట్) అన్న అక్షరాలు మంట వ్యాప్తి తగ్గుతుందని మాత్రమే చెబుతాయి, క్లోరిన్ లేదని కాదు. ఈ పొరపాటు ఇంజినీర్లలోనూ చూశాను.

అందుకే ఇప్పుడు భారతీయ ప్రమాణం ఐఎస్ 17048 ప్రకారం హాలోజన్ (క్లోరిన్ వంటి మూలకాలు) లేని తీగలు కావాలని రాస్తున్నాను. ఈ-వ్యర్థాల నియమాల్లో ఉన్న పరిమితులనే, అంటే సీసం 0.1 శాతం, కాడ్మియం 0.01 శాతం, తీగలకూ ఒప్పందంలో చేర్చి, పరీక్షా నివేదిక అడుగుతున్నాను. ధర ఎక్కువన్న చోట కనీసం మెట్లదారికీ నడవలకూ పట్టుబడతాను. అన్నిటికంటే ముఖ్యంగా, పట్టికలోంచి "లేదా సమానమైనది" అన్న మాటను కొట్టేశాను. గుత్తేదారు చౌక వైరు తెచ్చేది ఆ సందులోంచే.