టాక్సీ దొరికితే ఉయెదా షోజీ మ్యూజియం అద్భుతం

కోపం చల్లారకముందే రాసేద్దామని రూముకి రాగానే కూర్చున్నాను. రేపటికల్లా అంతా బాగానే జరిగిందనిపిస్తుంది, అప్పుడు రాసి ఎవరికీ ఉపయోగం ఉండదు.

తెనాలిలో మాది ఫొటో స్టూడియో, మా నాన్నగారి నాటిది. మా అమ్మాయి జపాన్‌లో, ఒసాకాలో ఉద్యోగం చేస్తోంది, చూడ్డానికొచ్చాం. అందరూ క్యోటో గుళ్లు చూడమన్నారు. నేను మాత్రం తొత్తోరి జిల్లాలో ఉయెదా షోజీ ఫొటోలకే కట్టిన మ్యూజియం చూడాలని పట్టుబట్టాను. ఆయన 1913లో సకాయిమినాతో అనే చేపల రేవులో పుట్టాడు. టోక్యోలో కొన్ని నెలలు ఫొటోగ్రఫీ చదువుకుని వెనక్కొచ్చి, 1932లో పంతొమ్మిదేళ్లకే సొంతూళ్లో స్టూడియో పెట్టాడు. 2000లో పోయేదాకా ఆ ప్రాంతం వదల్లేదు. మనలాంటి ఊరి స్టూడియో మనిషి. ఇక్కడుంటే ఎదగలేమండీ, హైదరాబాద్ పోదామని మా దగ్గర పనిచేసే కుర్రాళ్లు నెలకోసారి గొణుగుతారు, వాళ్ల కోసమైనా వెళ్లాలనుకున్నాను.

ఒసాకా నుంచి ఒకయామా, అక్కడ మారి యొనాగో, అక్కణ్ణుంచి చిన్న రైల్లో కిషిమోతో. ఇదంతా సాఫీగానే అయింది. దారిలో ఒక ఇన్ఫర్మేషన్ కౌంటర్లో అడిగితే, ఆ స్టేషన్ నుంచి టాక్సీలో ఐదు నిమిషాలే అని నవ్వుతూ చెప్పారు. ఐదు నిమిషాలన్నది నిజమే, టాక్సీయే లేదు.

కిషిమోతోలో దిగి బయటికొస్తే ఖాళీ రోడ్డు, పొలాలు, సైకిళ్లు. గోడ మీద టాక్సీ వాళ్ల ఫోన్ నంబరు ఉంది. నా ఫోన్లో ఉన్నది డేటా సిమ్ము. ఇంటర్నెట్ వస్తుంది, మామూలు కాల్ వెళ్లదు. టూరిస్టులకి ఎక్కువగా అంటగట్టేది ఈ రకమే, కాల్ వెళ్లదన్న సంగతి మాత్రం అమ్మేవాడు చెప్పడు. టాక్సీ యాప్ తెరిస్తే చుట్టుపక్కల బండ్లేవీ లేవంది. మా అమ్మాయికి వాట్సాప్ కాల్ చేస్తే మీటింగ్‌లో ఉన్నట్టుంది, ఎత్తలేదు. నడుద్దామంటే అరగంట పైనే, పైగా భుజాన కెమెరా బ్యాగు, మోకాళ్ల నొప్పులు.

అంతలో ఒక టాక్సీ వచ్చి ఆగింది. హమ్మయ్య అనుకుని వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. డ్రైవరు నన్ను చూసి రెండు చేతులూ ఇంటూ మార్కులా అడ్డంగా పెట్టాడు. వెనకనుంచి ఒక ముసలావిడ నాకు వంగి వంగి దండాలు పెడుతూ వచ్చి అందులో ఎక్కి వెళ్లిపోయింది. ఆవిడ పిలిపించుకున్న బండట. స్కూలు పిల్లలు ముగ్గురు అక్కడే నిలబడి చూస్తున్నారు. తెనాలిలో కలెక్టర్ గారినైనా గడ్డం కొంచెం దించండి సార్ అని కూర్చోబెట్టిన మనిషిని, ఇక్కడ పిల్లల ముందు తెల్లమొహం వేసుకుని నిలబడ్డాను. వాళ్లలో ఒకడికి అనువాదం యాప్ వినిపించాను. అది ఏం కూసిందో గానీ వాడు రెండడుగులు వెనక్కి వేసి, వంగి నమస్కారం పెట్టి పారిపోయాడు.

చివరికి కారు దిగుతున్న ఒకావిడని ఆపి, గోడ మీద నంబరు చూపించి, చెవి దగ్గర చెయ్యి పెట్టి సైగ చేశాను. ఆవిడ తన ఫోన్లోనే కాల్ చేసింది. అవతలివాళ్లు పేరు అడిగారు. మా పెద్దలు పెట్టిన పొడవాటి పేరు చెప్పాను. ఆవిడ పలకలేక నవ్వింది, మళ్లీ చెప్పాను, ‘బెంకతా’ దగ్గరే ఆగిపోయింది. చివరికి ఫోన్లో ‘ఇందోజిన్, ఇందోజిన్’ అంది, అంటే ఇండియా మనిషి అని. సరే, బుకింగ్ దేశం పేరు మీద అయింది. బండి వచ్చేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

కాబట్టి వెళ్లేవాళ్లు కాల్స్ వెళ్లే సిమ్ము తీసుకోండి, లేదా యొనాగోలోనే టాక్సీ ఎక్కేయండి. కాస్త ఖర్చయినా మర్యాద మిగులుతుంది.

ఇక మ్యూజియం. పొలాల మధ్య నాలుగు పెద్ద కాంక్రీటు దిమ్మెలు. 1939లో ఉయెదా తీసిన ఫొటోలో ఇసుక మీద నలుగురు అమ్మాయిలు ఎవరి తీరున వాళ్లు నిలబడి ఉంటారు, ఆ ఫొటోని మనసులో పెట్టుకునే తకమత్సు షిన్ అనే ఆర్కిటెక్ట్ ఈ భవనం గీశాడు. 1995లో తెరిచారు. దిమ్మెల మధ్య ఖాళీల్లోంచి దైసెన్ కొండ, కింద నీళ్లలో దాని నీడ. 1,729 మీటర్ల కొండ, నేను వెళ్లేసరికి సగం మబ్బులో ఉంది. కిటికీ అద్దం మీద నల్ల టోపీ బొమ్మ అంటించి ఉంది. సరైన చోట నిలబడితే ఆ టోపీ కొండ నెత్తిన కూర్చుంటుంది. అక్కడ నిలబడ్డవాళ్లందరికీ ఎక్కడ నిలబడాలో నేనే చూపించాను, భాష అక్కర్లేదు, చేత్తో కాస్త ఎడమకి అంటే చాలు.

ఉయెదా ఇచ్చిన ఫొటోలు పన్నెండు వేల దాకా ఉన్నాయట, గోడల మీద పెట్టేది అందులో కొద్దిగానే. 1949 నాటి కుటుంబం ఫొటో ముందు చాలాసేపు ఆగిపోయాను. భార్య, పిల్లలు, తను, అందరూ ఇసుకలో ఒకరికొకరు ఎడంగా వరసలో నిలబడ్డారు. మేం గ్రూప్ ఫొటో అంటే ‘దగ్గరికి జరగండి, ఇంకా జరగండి’ అని గొంతు పోయేలా అరుస్తాం. ఈయన విడదీసి నిలబెట్టాడు, అయినా వాళ్లు ఒకే ఇంటివాళ్లని తెలిసిపోతోంది. వెనక తెరల మీద ఎంత డబ్బు తగలేశానో లెక్క లేదు, ఆయనకి ఇసుకే తెర.

చీకటి హాల్లో ఒక పెద్ద లెన్సు బిగించారు, 600 మి.మీ. వ్యాసం, 625 కిలోల బరువు. దాంతో బయటి దైసెన్ గోడ మీద తలకిందులుగా పడుతుంది. మబ్బులు కిందినుంచి నడుస్తున్నాయి. మా నాన్నగారి స్టాండు కెమెరాలో, నల్లగుడ్డ కింద దూరి, పెళ్లికూతుళ్లని తలకిందులుగా చూసినవాణ్ణి, నాకది కొత్త కాదు. పక్కనున్న కుర్రాడు మాత్రం నోరు తెరిచాడు.

తిరుగు ప్రయాణానికి కౌంటర్లో అమ్మాయిని అడిగితే తనే ఫోన్ చేసి టాక్సీ పిలిచింది, పేరు కూడా అడగలేదు. మంగళవారం సెలవు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూసే ఉంటుంది, ఆ నెలల్లో వెళ్లే పని పెట్టుకోకండి. రైలు టైము చూసుకున్నాకే టాక్సీ పిలిపించుకోండి, ఒకటి తప్పిపోతే కిషిమోతోలో కాలక్షేపానికి నా పాత మిత్రులైన ఆ సైకిళ్లు తప్ప ఏమీ లేవు.