సర్వర్ కాదు, సర్కారే డౌన్

మా షాపు తహసీల్ ఆఫీసుకు ఎదురుగా ఉంటుంది. జిరాక్స్, పాస్‌పోర్ట్ ఫొటోలు, ఆన్‌లైన్ ఫారాలు. గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు తాలూకా. ఊరి పేరు ఎందుకులెండి, అందరూ గుర్తుపడతారు. నది దాటితే తెలంగాణ. మాకు ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, ఫారం మీద ఇంగ్లిషు.

మొన్న మా అక్క కొడుకుతో ఫోన్లో మాట్లాడుతుంటే మాట ఎటో పోయి 2023 మార్చి సమ్మె దగ్గర ఆగింది. 14వ తేదీ, మంగళవారం. ఎదురుగా గేటు తీసే ఉంది కానీ లోపల కుర్చీలన్నీ ఖాళీ, బయట టెంటు, టెంటు కింద రోజూ మాకు సంతకాలు పెట్టే మనుషులే 'ఏకచ్ మిషన్, జునీ పెన్షన్' (ఒకటే లక్ష్యం, పాత పెన్షన్) అని అరుస్తున్నారు. మహారాష్ట్రలో 2005 నవంబర్ 1 నుంచి సర్కారు కొలువులో చేరినవాళ్ళకు పాత పెన్షన్ లేదు, అది మళ్ళీ కావాలని రాష్ట్రమంతా దిగారు, 17 లక్షలకు పైగా అని యూనియన్ల మాట. వాళ్ళ మీద నాకు కోపం లేదు. ముప్పై ఏళ్ళు పనిచేసి చివర్లో ఎంత వస్తుందో తెలియకపోతే ఎవరికైనా టెన్షనే. నాకైతే ఆ మాత్రం కూడా రాదు, అది వేరే సంగతి.

మొదటి రోజే ఒక ముసలాయన వచ్చి "తమ్మీ, సర్వర్ డౌనా?" అన్నాడు. మా దగ్గర ఏ పని ఆగినా సర్వర్ డౌన్ అనే కదా చెప్తాం. "కాదు కాకా, ఇయ్యాల సర్కారే డౌన్" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆదాయం దాఖలా, అంటే సర్టిఫికెట్ కోసం వచ్చాడు, మనవడికి ఆర్టీఈ (విద్యాహక్కు చట్టం) కింద ప్రైవేటు స్కూల్లో సీటు కావాలి, ఫారానికి చివరి తేదీ దగ్గర పడింది. విచిత్రం ఏంటంటే దాఖలాలకు దరఖాస్తు చేసే సర్కారు వెబ్‌సైటు, ఆప్లే సర్కార్ పోర్టల్, బ్రహ్మాండంగా నడుస్తోంది. దరఖాస్తు తీసుకుంటుంది, ఫీజు తీసుకుంటుంది, రసీదు కూడా ఇస్తుంది, ఆ తర్వాత అక్కడే ఉంటుంది, ఎందుకంటే ఎంత ఆన్‌లైన్ అయినా చివర్లో ఒక మనిషి కూర్చుని సంతకం నొక్కాలి. ఆ మనిషి టెంటు కింద ఉన్నాడు, నా షాపు నుంచి కనిపిస్తున్నాడు కూడా. కాకా రసీదు పట్టుకుని ఆయన వైపు చూస్తూ నిలబడ్డాడు కానీ వెళ్ళి అడగలేదు.

ఇదంతా చెప్తే మా మేనల్లుడు "మామా, మా దగ్గరైతే ఉద్యోగులు పని చేస్తామన్నా సర్కారు వద్దంది" అన్నాడు. వాడు ఉండేది అమెరికాలో, మినెసోటా రాష్ట్రం. అక్కడికి వెళ్ళిన కొత్తలో, 2011లో, గవర్నర్ మార్క్ డేటన్‌కీ శాసనసభకీ బడ్జెట్ దగ్గర పంచాయితీ వచ్చిందట. 500 కోట్ల డాలర్ల లోటు. బాగా డబ్బున్నవాళ్ళ మీద పన్ను పెంచుదామని ఆయన, ఖర్చు తగ్గించమని వీళ్ళు. జులై 1కి కొత్త బడ్జెట్ కాలం మొదలవ్వాలి, అప్పటికి ఒప్పందం కుదరలేదు, బడ్జెట్ చట్టం లేకపోతే ఖజానా నుంచి డబ్బు తీయకూడదు, అంతే, తాళం. 22,000 మంది ఉద్యోగులను ఇంటికి పంపారు. 20వ తేదీ దాకా అదే పరిస్థితి. మావాడు డ్రైవింగ్ టెస్టుకని వెళ్తే తలుపుకు కాగితం అంటించి ఉందట. లైసెన్సు లేదు, బస్సు దూరం, తెలిసినవాళ్ళ కారులో పనికి వెళ్తూ ఆ మూడు వారాలు పెట్రోలుకు వాటా ఇచ్చుకున్నాడు.

ఏది ఆగాలో ఏది ఆగకూడదో అక్కడ ఒక జడ్జి తేల్చారట. జైళ్ళు, హైవే పోలీసులు, వృద్ధుల నర్సింగ్ హోములు నడవాలి. పార్కులు, లాటరీ, రోడ్డు పనులు బంద్. పదివేల సరస్సుల రాష్ట్రమని నంబర్ ప్లేట్ మీద రాసుకునే చోట, నడి ఎండాకాలంలో చేపలు పట్టే లైసెన్సు అమ్మేవాడు లేడు. నాకు భలే నచ్చింది మాత్రం బీరు సంగతి. మిల్లర్‌కూర్స్ అనే పెద్ద కంపెనీ తన బ్రాండ్ల రిజిస్ట్రేషన్ రెన్యూవల్‌కు డబ్బు కట్టింది, కానీ ఆ కాగితం కదిలేలోపే సర్కారు మూతపడింది, దాంతో 39 రకాల బీరు రాష్ట్రంలో అమ్మకుండా తీసేయమన్నారు. అంత పెద్ద కంపెనీ, రసీదు పట్టుకుని మా కాకా నిలబడ్డట్టే నిలబడింది! అంతకుముందు 2006లో న్యూజెర్సీలో అయితే జూదశాలలే మూసేశారు, సర్కారు ఇన్‌స్పెక్టర్ లేకుండా వాటిని నడపకూడదని రూలు. 2017లో మళ్ళీ అదే రాష్ట్రంలో ప్రభుత్వ బీచ్‌లు జనానికి మూసి, గవర్నర్ క్రిస్ క్రిస్టీ మాత్రం ఇంటివాళ్ళతో అక్కడే ఇసుకలో కుర్చీ వేసుకుని ఫొటోకు దొరికిపోయాడు. ఇలాంటివి ఏ దేశమైనా ఒకటే.

మన దగ్గర అలా బడ్జెట్ కోసం తాళం పడదు. బడ్జెట్ ఆలస్యమైతే అప్పటిదాకా ఖర్చులకు సభ ముందే ఒప్పుకునే ఓట్ ఆన్ అకౌంట్ ఉంది, రాజ్యాంగంలో 206వ ఆర్టికల్. 2016లో ఉత్తరాఖండ్‌లో బడ్జెట్ గొడవలోనే రాష్ట్రపతి పాలన వచ్చింది, అయినా మార్చి 31న ఖర్చుల కోసం ఆర్డినెన్స్ తెచ్చేశారు, ఏప్రిల్ ఒకటిన ఆఫీసులు మామూలే. కాబట్టి మనకు తాళం పడితే అది సమ్మెతోనే. కానీ కౌంటర్ ఇవతల నిలబడినవాడికి ఆ తేడాతో పనేముంది?

మాకు ఏది ఆగకూడదో తేల్చే జడ్జి కూడా లేడు. ఉన్నా, ఆ పట్టికలో ఆదాయం దాఖలా ఉంటుందని నేను అనుకోను. కాగితమే కదా, వారం ఆగితే ఏం అంటారు. ఆ కాగితం మీద ఇంకెవరో తేదీ వేసి ఉంటారు, ఆ తేదీ సమ్మెలో ఉండదు. నా కౌంటర్ మీద అన్నీ అలాంటివే: సీటుకు ఒకటి, లోనుకు సాత్‌బారా (పొలం రికార్డు) ఒకటి, పింఛనుకు ఒకటి. కాకా అదృష్టం, ఆర్టీఈ గడువు పెంచారు. ఆ వారం జ్వరాలవాళ్ళు, కాన్పులవాళ్ళు ఎప్పటిలాగే నది దాటి తెలంగాణకు వెళ్ళారు, ఆ దారి మాకు అలవాటే. దాఖలాకు మాత్రం నది దాటలేం. అటువైపు సంతకం ఇటువైపు చెల్లదు.

మా ఎదురు చాయ్ హోటల్‌కు మాత్రం పండగ. టెంటు మొత్తం అక్కడే తాగింది. అర్జీలు రాసే పెద్దాయన నాలుగో రోజు నుంచి రావడం మానేశాడు.

20న సాయంత్రం సమ్మె విరమించారు, కమిటీ చూస్తుందన్నారు. 21న షాపు ముందు రోడ్డు దాకా లైను. 22న ఉగాది, మరాఠీవాళ్ళకు గుడి పాడ్వా, మళ్ళీ సెలవు! 21నాటి ఆ ఒక్కరోజు తోపులాటలో నా ప్రింటర్ కూడా పోయింది.

అన్నిటికన్నా దెబ్బతిన్నది మిర్చి రైతులు. సరిగ్గా ఆ వారమే అకాల వాన. మా వీధి చివరి అన్నకు సగం పంట చేన్లో, సగం కల్లంలో ఉంది. పంట నష్టం చూసి పంచనామా రాయాల్సిన తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి, సమ్మెలో ఉన్నాడు. తడిసిన కాయ బూజు పడుతుందే గానీ తలాఠీ కోసం ఆగదు కదా, నన్ను బండి మీద తీసుకెళ్ళి ఫొటోలు తీయించుకుని, వచ్చిన రేటుకు అమ్మేశాడు. ఉగాది అయ్యాక తలాఠీ వచ్చి, మంచివాడే, "మిర్చి ఏది?" అని అడిగాడు. నేను నాలుగు కలర్ ప్రింట్లు తీసిచ్చాను. ఫైల్లో పెట్టుకున్నాడు. డబ్బులు పడ్డాయా అని ఆ అన్నను రెండుసార్లు అడిగాను, మూడోసారి అడగలేదు.