గ్రీన్‌హౌస్‌కి కిటికీ ఎందుకమ్మా?

మా పాపకి వచ్చిన హోంవర్క్ చిన్నదే, గ్రీన్‌హౌస్, అంటే మొక్కలు పెంచే అద్దాల గది, ఎలా పనిచేస్తుందో ఐదు వాక్యాలు రాయాలి. నేను ఏదో పనిలో ఉండి గబగబా చెప్పేశాను: ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది, మట్టీ మొక్కలూ వేడెక్కుతాయి, ఆ వేడిని అద్దం బయటికి పోనివ్వదు, అందుకే లోపల వెచ్చగా ఉంటుంది. నా చిన్నప్పుడు నేను బట్టీ పట్టింది కూడా ఇదే. రాసుకుంటూ రాసుకుంటూ పుస్తకంలో బొమ్మ చూసి, "మరి కప్పులో ఈ బుల్లి కిటికీ ఎందుకమ్మా?" అంది. వేడి ఎక్కువైతే తెరుస్తారు కన్నా అన్నాను. "తెరిచినా మిగతాదంతా అద్దమే కదా, అది వేడిని ఆపుతూనే ఉంటుంది కదా?"

నా దగ్గర జవాబు లేదు. ముందు రాయవే అని గదమాయించాను గానీ, రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, అసలు పాయింటు పిల్ల అడిగిందే.

ఆరుబయట ఏం జరుగుతుందో ముందు చూడండి. ఎండకి నేల వేడెక్కుతుంది, నేలని ఆనుకుని ఉన్న గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి పక్కనుంచి చల్లగాలి వచ్చి చేరుతుంది. రోజంతా ఇదే తంతు. అంటే నేల సంపాదించుకున్న వేడిని గాలి ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతూ ఉంటుంది. ఇప్పుడు ఆ నేల మీద అద్దాల గది కట్టారనుకోండి, వెలుతురు ఎలాగూ అద్దంలోంచి దూరి వస్తుంది, కానీ వేడెక్కి పైకి లేచిన గాలి కప్పుకి తగిలి ఆగిపోతుంది, ఎక్కడికీ పోలేదు, అదే గాలి మళ్లీ మళ్లీ వేడెక్కుతుంది. గ్రీన్‌హౌస్ అంటే చాలావరకు ఇదే, గాలిని గదిలో పెట్టి తలుపేయడం. కప్పులో ఆ బుల్లి కిటికీ తెరిస్తే పైకి చేరిన వేడిగాలి బయటికి పోతుంది, మిగతాదంతా అద్దమే అయినా గది చల్లబడుతుంది.

మరి నేను చెప్పింది పూర్తిగా తప్పా అంటే, కాదు. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనిపించని పరారుణ కిరణాల్ని వదులుతుంది, గాజు వాటిని ఆపే మాట నిజమే. కాకపోతే దాని వాటా తక్కువ. 1909లో రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఈ సంగతి తేల్చడానికి రెండు పెట్టెలు తీసుకుని, ఒకదానికి గాజు పలక, ఇంకోదానికి రాతి ఉప్పు పలక మూత పెట్టాడు. రాతి ఉప్పులోంచి ఆ కిరణాలు హాయిగా బయటికి పోతాయి కాబట్టి ఆ పెట్టె చల్లగా ఉండాలి కదా? రెండూ దాదాపు 55 డిగ్రీల దాకా వేడెక్కాయి, వాటి మధ్య తేడా చూస్తే ఒక్క డిగ్రీ కూడా సరిగ్గా లేదు. మామూలు పాలిథిన్ షీటు కూడా ఆ కిరణాల్ని చాలావరకు వదిలేస్తుంది, అయినా ఆ షీటు కప్పి కట్టిన పాలీహౌస్‌లోకి అడుగు పెడితే చెమటలు పడతాయి.

మర్నాడు మేమూ ఒక ప్రయోగం చేశాం, పెద్ద గాజు సీసాలో కాస్త తడి మట్టి వేసి, కుండీలో ఉన్న టమాటా మొలక ఒకటి తీసి నాటి, మూత బిగించి ఎండలో పెట్టాం. అరగంటకి సీసా లోపలి గోడ మసకబారింది. తర్వాత చిన్న చిన్న బొట్లు, అవి ఒకదానికొకటి అంటుకుని బరువెక్కి, గీతలు గీసుకుంటూ మట్టిలోకి జారిపోయాయి. ఆకుల్లోంచీ మట్టిలోంచీ లేచిన ఆవిరే అది, బయటికి దారి లేక మళ్లీ నీళ్లయి దిగుతోంది. పాప మూత తీసి లోపల చెయ్యి పెట్టి "అమ్మో, బాత్రూంలో వేడినీళ్లు పట్టినట్టుంది" అంది. నాథానియల్ వార్డ్ అనే లండన్ డాక్టర్‌కి 1829లో ఇలాగే మూసిపెట్టిన సీసాలో, నాటకుండానే, ఫెర్న్ మొక్క మొలిచి కనిపించింది. తర్వాత ఆయన అద్దాల పెట్టెలు చేయించి, నెలల తరబడి సాగే ఓడ ప్రయాణాల్లో మొక్కల్ని బతికించి పంపాడు. అంతకుముందు ఉప్పుగాలికి సగం దారిలోనే చచ్చిపోయేవి.

గ్రీన్‌హౌస్ కట్టడానికి ఇంత శ్రమ ఎందుకంటే, కాలం కాని కాలంలో పంట కోసం. రోమన్ చక్రవర్తి టిబేరియస్‌కి రోజూ దోస జాతి కాయ ఒకటి కావాల్సి వచ్చిందట, ఆయన తోటమాలులు చక్రాల బండ్ల మీద మడులు పెంచి ఎండలోకి తోసేవారని, చలికి పలచటి పారదర్శకమైన రాతి పలకలు కప్పేవారని ఆనాటి రచయిత ప్లినీ రాశాడు. ఇప్పుడది ఒక్క రాజుగారి ముచ్చట కాదు, స్పెయిన్‌లో అల్మేరియా చుట్టుపక్కల ముప్ఫై వేల హెక్టార్ల ప్లాస్టిక్ కప్పులు అంతరిక్షం నుంచి కూడా తెల్లగా కనిపిస్తాయి. మంచు కురిసే చోట్ల చలికాలంలో తాజా కూరగాయలు దొరకడానికి ఇలాంటి కప్పులే కారణం. పైగా తేమ లోపలే ఉంటుంది కాబట్టి నీళ్లు తక్కువ పడతాయి, వానకీ వడగళ్లకీ భయం లేదు.

తలుపేసుకున్నందుకు ఇబ్బందులూ ఉన్నాయండోయ్. లోపల గాలి ఆడదు, తేనెటీగలు రావు, టమాటా పువ్వేమో ఎవరో ఒకరు కదిపితే గానీ సరిగ్గా కాయ పట్టదు, అందుకని బంబుల్‌బీ అనే బొద్దు తేనెటీగల్ని పెట్టెల్లో తెచ్చి లోపల వదులుతారు. మొక్కలు లోపలి కార్బన్ డయాక్సైడ్‌ని తినేస్తాయి, అదీ బయటి నుంచి ఇవ్వాలి. వేసవిలో అయితే కప్పు మీద సున్నంలాంటి తెల్ల పూత పూసి ఎండనే తగ్గించుకుంటారు.

భూమి మీది "గ్రీన్‌హౌస్ ప్రభావం" గురించి కూడా పాప అడిగింది. ఆ పేరు నన్నడిగితే అంత బాగా కుదరలేదు, ఎందుకంటే అక్కడ గాలిని ఆపే కప్పేమీ లేదు, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి లాంటి వాయువులు నేల వదిలే పరారుణ కిరణాల్ని పట్టుకుని, కొంత వేడిని తిరిగి కిందికి పంపుతాయి. అది అసలు లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత ఇప్పటి 15 డిగ్రీలు కాకుండా సున్నాకి కింద 18 దగ్గర ఉండేది. సమస్యల్లా ఆ వాయువులు మనవల్ల పెరుగుతూ పోవడం.

మా సీసా సంగతి చెప్పలేదు కదూ. మర్నాడు మధ్యాహ్నం మూత తీయడం ఇద్దరం మర్చిపోయాం, సాయంత్రానికి మొలక ఉడికిన ఆకుకూరలా వేలాడింది. పాప కాసేపు మొహం ముడుచుకుని, తర్వాత నోట్సు తీసి ఐదు వాక్యాల కింద ఆరోది తనే రాసింది: "కిటికీ తెరవకపోతే మొక్క ఉడికిపోతుంది, మా అమ్మ మర్చిపోయింది."