మిక్చురిషన్ వచ్చు, బంగ్డ్ అప్ రాదు

మొన్న నైట్ డ్యూటీ అయ్యాక తర్వాతి షిఫ్ట్ వాళ్ళకి హ్యాండోవర్ ఇస్తుంటే వార్డ్ సిస్టర్ మధ్యలో ఆపేసింది. ఇంగ్లండ్‌లో సిస్టర్ అంటే వార్డు ఇన్‌ఛార్జి లెండి, మనలా నర్సు కనపడితే చాలు సిస్టర్ అని పిలవరు. నేనేమో పేషెంట్ రాత్రి యాంబులేట్ అయ్యాడు, మిక్చురిషన్‌కి ఇబ్బంది లేదు, కాస్త యాప్రిహెన్సివ్‌గా ఉన్నాడు అని వరసపెట్టి చెప్పుకుపోతున్నా. అన్నీ కరెక్టే, ఒక్క ముక్క తప్పు లేదు. ఆవిడ పెన్ను కింద పెట్టి "గాట్ అప్, హ్యాడ్ ఎ వీ, ఎ బిట్ స్కేర్డ్. దట్స్ ఇట్, లవ్" అంది, అంటే లేచాడు, మూత్రానికి వెళ్ళాడు, కాస్త భయపడ్డాడు, అంతే అని. పక్కనున్నవాళ్ళు నవ్వారు. చివర్న "లవ్" తగిలించింది కాబట్టి అది తిట్టు కిందకి రాదట.

ఒళ్ళు మండింది. ఆ మాటలు మనం సరదాకి నేర్చుకున్నామా? బీఎస్సీ నర్సింగ్‌లో మిక్చురిషన్ అని రాయాల్సిన చోట వీ అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళని ఒక్కళ్ళని చూపించండి. తర్వాత ఇక్కడ రిజిస్ట్రేషన్ కావాలంటే ఎన్ఎంసీ (ఇక్కడి నర్సింగ్ కౌన్సిల్) వాళ్ళు ఐఈఎల్‌టీఎస్‌లో రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ మూడిట్లోనూ 7, రైటింగ్‌లో 6.5 అడుగుతారు, 2018 డిసెంబర్ దాకా అయితే రైటింగ్ కూడా 7 రావాల్సిందే. రైటింగ్, స్పీకింగ్ మార్కుల్లో లెక్సికల్ రిసోర్స్ అని పదసంపదకే 25 శాతం. కోచింగ్‌లో ఏం చెప్పారు? బిగ్ అనకండి సబ్‌స్టాన్షియల్ అనండి, బ్యాడ్ అనకండి డెట్రిమెంటల్ అనండి. బస్సులో, మెస్సులో, నిద్రలో కూడా అవే బట్టీ కొట్టాం. ఏ గుమ్మంలోంచి లోపలికి రమ్మన్నారో ఆ గుమ్మం దాటగానే ఆ మాటలు బయట వదిలేసి రమ్మంటే ఎలా అండీ?

ఆ కోపంలోనే ఆ ఐఈఎల్‌టీఎస్ మార్కుల పట్టిక మళ్ళీ తీసి చదివా. బ్యాండ్ 7 దగ్గర అంతగా వాడుకలో లేని మాటలు వాడాలి అని ఉన్నమాట నిజమే, కానీ ఆ వాక్యం అక్కడితో అయిపోలేదు. ఏ సందర్భానికి ఏ మాట, ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుంది, ఆ ఎరుక కూడా ఉండాలట. మనకి మొదటి సగమే చెప్పారు. రెండో సగం బట్టీకి లొంగదు కదా, అందుకేనేమో.

ఇంకో సంగతి చూడండి. అందరూ షేర్ చేసుకునే అకడమిక్ వర్డ్ లిస్ట్ ఉంది కదా, న్యూజిలాండ్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో తయారుచేసింది, 570 పద కుటుంబాలు (ఒక మాటా, దాని రూపాలూ కలిపి ఒక కుటుంబం). మంచి లిస్టే, యూనివర్సిటీ పుస్తకాల్లో పదింట ఒక మాట అందులోదే వస్తుంది. కానీ దాన్ని కట్టిందే ఎక్కువ వాడుకలో ఉన్న రెండు వేల మాటలు పక్కన పెట్టేసి, అంటే 1953 నాటి మైకేల్ వెస్ట్ లిస్టులో ఉన్నవన్నీ మీకు ముందే వచ్చు అనుకుని. అంటే గెట్, పుట్, కమ్, పాస్, బ్రింగ్ ఇవేవీ అందులో ఉండవు. నా వార్డంతా నడిచేది వాటిమీదే!

ఒక పెద్దాయన "ఐ కేమ్ ఓవర్ ఆల్ ఫన్నీ" అంటాడు. నవ్వొచ్చే విషయమేం కాదు, ఉన్నట్టుండి కళ్ళు తిరిగినట్టయిందని, వెంటనే బీపీ చూడాలి. ఇంకొకాయన బంగ్డ్ అప్ అంటాడు, విరేచనం కావట్లేదని. వాటర్‌వర్క్స్ అంటే మూత్రం సంగతి, మున్సిపాలిటీ కాదు. ఆఫ్ మై ఫుడ్ అంటే తిండి సయించట్లేదని. బ్రింగ్ అప్ అంటే పిల్లల్ని పెంచడం అని ఏడో క్లాసులో చదివాం, ఇక్కడ వాంతి చేసుకోవడం. పాస్ అవుట్ అంటే స్పృహ తప్పడం, పాస్ అవే అంటే పోవడం, ఫోన్లో ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ రెంటి మధ్య ఎంత దూరం ఉందో ఆలోచించండి. మనమేమో 2014లో పాస్ అవుట్ అయ్యా అని రెజ్యూమేలో గర్వంగా రాసుకుంటాం.

పైగా "ఇవి చిన్న మాటలే కదా, సింపుల్ ఇంగ్లీష్" అంటారు వీళ్ళు. సింపుల్ ఎవరికి? మన కొట్టడమే తీసుకోండి. బోరు కొడుతుంది, క్లాసు ఎగ్గొడతాం, ఎవడో పర్సు కొట్టేస్తాడు, వరదలో కారు కొట్టుకుపోతుంది. మనకి పుట్టుకతో వచ్చింది కాబట్టి తెలియదు గానీ బయటివాడికి ఇది ఒక్క మాట కాదు, నాలుగు. ఇంకో భాష నేర్చుకునే అవసరం జన్మలో పడని మనిషి వచ్చి సింపుల్‌గా మాట్లాడు అంటే అందుకే నాకు చిర్రెత్తుతుంది.

అలాగని ఆ లిస్టులన్నీ దండగ అని నేను ఒప్పుకోను. పేషెంట్ ఇంటివాళ్ళ కంప్లెయింట్‌కి జవాబు రాయాలన్నా, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయాలన్నా అదే సిస్టర్ లాప్‌టాప్ నా ముందుకి తోస్తుంది, నీ రైటింగ్ బాగుంటుంది అని. అక్కడ గాట్ వర్స్ అని రాస్తే కుదరదు, డిటీరియరేటెడ్ కావాలి. సబ్‌సీక్వెంట్లీ కూడా కావాలి. అప్పుడు ఎవరూ నవ్వరు మరి. పేపర్లూ నవలలూ డిక్షనరీ అవసరం లేకుండా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్క కట్టాడు, అన్ని వేలు వార్డులో వింటూ రావాలంటే రిటైర్మెంట్ దగ్గరపడుతుంది. కాబట్టి లిస్టూ ఉండాలి, మధ్యలో రోజులు పెంచుకుంటూ దాన్ని మళ్ళీ మళ్ళీ తిరగేయడమూ ఉండాలి. చదివింది ఎంత త్వరగా మర్చిపోతామో ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తనమీద తనే ప్రయోగం చేసుకుని చెప్పాడు.

నోట్స్ రాసే పద్ధతి మాత్రం మార్చా. ఒంటి మాట రాయను. ముక్క మొత్తం రాస్తా, ఎవరు ఎవరితో అన్నారో పక్కన రాస్తా, డాక్టర్ రౌండ్స్‌లో అన్నదా, టీ దగ్గర అన్నదా, కూతురు తండ్రితో అన్నదా అని. లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీ ఉంది కదా, 1978లో వచ్చినప్పట్నుంచీ అర్థాలన్నీ సుమారు రెండు వేల తేలిక మాటల్లోనే చెప్తుంది. దాన్ని నేను తిరగేసి వాడతా, నాకు తెలిసిన పెద్ద మాట తీసి వాళ్ళు దాన్ని చిన్న మాటల్లో ఎలా విప్పారో చూస్తా, పేషెంట్ దగ్గర అదే చెప్తా. కొత్తగా వచ్చిన మన అమ్మాయిలు "అక్కా ఏ యాప్ వాడాలి" అని అడిగితే యాప్ సంగతి తర్వాత, ముందు బే నాలుగులో (వార్డులో నాలుగో భాగంలో) ముసలాళ్ళతో పది నిమిషాలు కూర్చో అంటా.

వాళ్ళ దగ్గర కూడా అన్నీ తేలవు లెండి. ఎలా ఉంది అంటే "నాట్ టూ బ్యాడ్" అంటారు, నిజంగా బానే ఉన్నా అదే, ప్రాణం మీదికొచ్చినా అదే. అందుకని పెయిన్ స్కోర్ అడుగుతా, సున్నా నుంచి పదికి ఎంత అని, అంకెల్లో అయినా దొరుకుతారని. మొన్నొకాయన కాసేపు ఆలోచించి "ఓహ్, కాంట్ కంప్లెయిన్" అన్నాడు. చార్టులో ఆ గడి ఇప్పటికీ నాకు తోచిందే వేస్తున్నా అనుకునేరు, మొహం, చెయ్యి, నడక అన్నీ చూసి రెండోసారి అడిగే వేస్తా.