పాత డ్రమ్ సెట్‌ని శ్రుతికి తెచ్చుకున్న వైనం

సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న ఫైవ్ పీస్ సెట్ అది. 22 అంగుళాల బేస్ డ్రమ్, అడుగున తీగలుండే 14 అంగుళాల స్నేర్, పైన బిగించే 12, 13 అంగుళాల టామ్‌లు (తీగలు లేని డ్రమ్ములు), కాళ్ల మీద నిలబడే 16 అంగుళాల ఫ్లోర్ టామ్. ఫైవ్ పీస్ అన్నప్పుడు డ్రమ్ములే లెక్కలోకి వస్తాయి, సింబల్స్ (కర్రతో కొట్టే లోహపు పళ్లేలు) వేరు. నాకు పెడల్‌తో తెరిచి మూసే 14 అంగుళాల హై-హ్యాట్ జత, గట్టి దెబ్బకి వాడే 16 అంగుళాల క్రాష్, లయ నడిపే 20 అంగుళాల రైడ్ దాంతోపాటే వచ్చాయి. పైకి అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఏ టామ్ మీద కొట్టినా అట్టపెట్టె మోతే.

ముందు అన్ని హెడ్లూ, అంటే డ్రమ్ముకి రెండు వైపులా బిగించే పల్చటి పొరలు, విప్పేశాను. పై హెడ్ల మధ్యలో కర్ర దెబ్బలకు గుంటలు పడ్డాయి, వాటిని మార్చాల్సిందే. అడుగు హెడ్లు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి. వాటిని ఎవరూ కొట్టరు కదా, ఎందుకు మార్చడం అని చాలామంది అలాగే ఉంచేస్తారు. నేను మార్చాను. ఈ పని మొత్తంలో నాకు బాగా అర్థమైంది ఇదే: టామ్ ఎంతసేపు మోగాలో, ఏ స్వరంలో నిలవాలో తేల్చడంలో కొట్టని వైపుకీ సగం వాటా ఉంది. ఏళ్ల తరబడి బిగుతులో సాగిపోయిన పొర చూపుకి బాగున్నా పలకదు.

కొత్త హెడ్లు వేసే ముందు షెల్ (డ్రమ్ గుండ్రటి ఒళ్లు) అంచుల్ని చూసుకోవాలి. హెడ్ ఆనుకునేది ఆ సన్నటి అంచు మీదే. అది ఎక్కడైనా దిగిపోయి ఉంటే ఎంత శ్రుతి చేసినా నిలవదు. షెల్‌ని చదునైన గాజు బల్ల మీద బోర్లించి, గదిలో లైట్లు ఆర్పి, లోపల టార్చి వెలిగించి పెట్టాను. అంచు కింద నుంచి వెలుతురు బయటికి వచ్చిందంటే అక్కడ సందు ఉన్నట్టు. 13 అంగుళాల టామ్‌కి ఒకచోట సన్నటి గీత కనిపించింది గానీ వేలితో తడిమితే తెలియనంత తక్కువ. మిగతావన్నీ చీకటిగానే ఉన్నాయి. ప్రాణం కుదుటపడింది.

అసలు ఓపిక కావాల్సింది ఇక్కడి నుంచే. అడుగు హెడ్‌తో మొదలుపెట్టాను. బోల్టులన్నీ ముందు వేళ్లతోనే తిప్పగలిగినంత బిగించి, తర్వాత డ్రమ్ కీతో ఒక్కోదానికి అర చుట్టు. పక్కపక్కనే కాదు, ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది. అలా కాకపోతే హెడ్ ఒక పక్కకి లాగేసుకుంటుంది. మధ్యలో అరచేత్తో గట్టిగా నొక్కితే చిటపటమని చప్పుడు వస్తుంది. కొత్త హెడ్ సర్దుకుంటోందని అర్థం, కంగారు పడక్కర్లేదు. తర్వాత ప్రతి బోల్టు దగ్గరా రిమ్‌కి (హెడ్‌ని పట్టి ఉంచే చట్రానికి) ఒక అంగుళం లోపల కర్ర కొసతో మెల్లగా తట్టి వినాలి. అన్నిచోట్లా ఒకటే స్వరం రావాలి. రెండో వైపు హెడ్ మోగి చెవిని తికమక పెట్టకుండా డ్రమ్‌ని మెత్తటి దిండు మీద పెట్టుకున్నాను.

ఫ్లోర్ టామ్‌తో మొదలుపెట్టడం మంచిదైంది. ముడతలు పోయి, స్పష్టంగా పలికే అతి తక్కువ స్వరం ఎక్కడుందో ముందు పట్టుకున్నాను. దాన్ని స అనుకుని 13 అంగుళాల టామ్‌ని మ దగ్గర, 12 అంగుళాలదాన్ని ద దగ్గర నిలబెట్టాను. మూడింటికీ అడుగు హెడ్ పైదానికంటే కాస్త ఎక్కువ బిగుతు. మూడూ వరసగా వాయిస్తే దిగుతూ వచ్చే స్వరాలు విడివిడిగా వినిపించాయి. ఆ క్షణం వచ్చిన సంతోషం మాటల్లో చెప్పలేను.

బేస్ డ్రమ్ తేలిక. రెండు హెడ్లూ ముడతలు పోయేంతవరకే బిగించి, లోపల చిన్న దిండు కొట్టే వైపు హెడ్‌కి తగిలీ తగలనట్టు పెడితే చాలు. దాని పెడల్ అంటే మాత్రం నాకు ప్రత్యేకమైన గౌరవం. 1909లో లుడ్విగ్ వాళ్ల పెడల్‌కి పేటెంట్ వచ్చింది. పాదంతో పని జరిగే మంచి పెడల్ లేని రోజుల్లో స్నేర్ ఒకరు, బేస్ డ్రమ్ ఒకరు వాయించేవాళ్లు, లేదా ఒక్కరే రెండు చేతుల్నీ రెండింటి మధ్యా తిప్పాల్సి వచ్చేది. ఇన్ని డ్రమ్ములు ఒక్క మనిషి ముందు చేరాయంటే ఆ పెడల్ పుణ్యమే.

ఎక్కువ సమయం తిన్నది స్నేర్. దాని అడుగు హెడ్ చాలా పల్చన. మామూలు సింగిల్ ప్లై (ఒకే పొర) హెడ్ మందం అంగుళంలో వెయ్యో వంతులు పది ఉంటే ఇది మూడే. వేలితో గట్టిగా నొక్కకూడదు. దాని కింద ఇరవై స్టీలు తీగలు సాగి ఉంటాయి. ఆ గరగర వాటిదే. తీగల్ని మొత్తం వదులు చేసి, అంచున మెల్లగా తడుతూ కొద్దికొద్దిగా బిగించుకుంటూ వచ్చాను. అతి చిన్న దెబ్బకి కూడా తీగలు బదులివ్వాలి. అక్కడితో ఆపాలి. ఇంకా బిగిస్తే గొంతు నొక్కేసినట్టవుతుంది. ఇంతా అయ్యాక 12 అంగుళాల టామ్ కొట్టినప్పుడల్లా స్నేర్ దానంతటదే గరగరమనడం మొదలైంది. రెండింటి స్వరాలూ దగ్గరపడితే అలా జరుగుతుంది. తీగల రెండు చివర్లా పక్కనున్న అడుగు బోల్టుల్ని కొంచెం వదులు చేసి, టామ్ స్వరాన్ని ఒక పిసరు పైకి తీసుకెళ్లాను. గరగర పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. పూర్తిగా పోవాలని నేను పట్టుబట్టను, సెట్ అన్నాక ఒకదాని మాట ఒకదానికి వినిపిస్తూనే ఉంటుంది.

సింబల్స్‌కి శ్రుతి చేసేదేమీ లేదు, జాగ్రత్తగా బిగించడమే. రైడ్ స్టాండ్‌కి ప్లాస్టిక్ గొట్టం ఊడిపోయి ఉంది. అది లేకపోతే స్టాండ్ మరలు సింబల్ మధ్య రంధ్రాన్ని అరగదీసేస్తాయి. కొత్తది తొడిగి, పైనా కిందా ఫెల్ట్ (మెత్తటి ఉన్ని బిళ్లలు) వేసి, నట్టు వదులుగా వదిలేశాను. సింబల్ ఊగాలి, ఊగనివ్వకపోతే పగులుతుంది. హై-హ్యాట్‌లో బరువైనది కింద పెట్టి, స్టాండ్‌కున్న చిన్న స్క్రూతో దాన్ని ఒక్క రవ్వ వాల్చాను. రెండూ సమంగా మూసుకుంటే మధ్యలో గాలి చిక్కుకుని చప్పుడు చచ్చిపోతుంది. క్రాష్ అంచు చుట్టూ గోరుతో గీసుకుంటూ వెళ్తే ఎక్కడా ఆగలేదు, పగులు లేదు.

పనంతా ఇయర్ ప్లగ్స్ పెట్టుకునే చేశాను. డ్రమ్ సెట్ చప్పుడు 100 డెసిబెల్స్ సులువుగా దాటుతుంది. శ్రుతి చేసేటప్పుడు మెల్లగానే తడతాం గానీ సరిచూడటానికి గట్టిగా కొట్టక తప్పదు.

కొత్త హెడ్లు మొదట్లో సాగుతాయి కాబట్టి వాయించిన ప్రతిసారీ కీ పట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు నిలకడగానే ఉన్నాయి. ఇంక మిగిలింది హై-హ్యాట్. ఉన్నది ఇత్తడి జత, తెరిచి కొడితే మోత త్వరగా ముద్దయిపోతుంది. రాగి 80 పాళ్లు, తగరం 20 పాళ్లు కలిసిన బీ20 కంచు జత ఒకటి వాయించి చూశాను. తెరిచినా మూసినా ప్రతి దెబ్బా విడిగా వినిపించింది. తర్వాత తీసుకునేది అదే.